పద్దెనిమిది నిండిన రోజు

కొండ కింద, పిల్లలకి బండలెక్కి దిగడం నేర్పే యువదళం గుడారం. మాట్లాడుకుంటున్నది దళానికి శిక్షణ ఇచ్చే ఆవిడ, ఆవిడ బావ. ఆయనే దళం కార్యదర్శి.

"ఇక్కడ, ఈ గీత మీద. తేదీ నేను వేసుకుంటాలే."

"చదవనివ్వండి బావా."

"చదవడానికేముంది, నాలుగు లైన్లు. మన ప్రెస్సులోనే కొట్టించా."

"'సదరు యువకుడు వ్యక్తిగత కారణాల వల్ల దళం నుంచి స్వచ్ఛందంగా తప్పుకున్నాడు.' పిల్లలంతా సాలీడని పిలిచే మనవాడు తప్పుకున్నాడా? ఎప్పుడు? పొద్దున్నుంచీ పదిమంది పిల్లల్ని తాడు పట్టి బండ మీంచి దించాడు."

"తప్పుకుంటాడు. నువ్వు చెబితే వింటాడు."

"ఏమని చెప్పను?"

"అదే. ఆ సంగతి."

"ఏ సంగతి?"

"తెలీనట్టు అడక్కు. వాడి... వాడి వ్యవహారం."

"వాడు గే. ఒకటే అక్షరం బావా. అనండి, నోరేం కాలదు."

"నెమ్మదిగా. పిల్లలున్నారు."

"పిల్లలకి పోయినేడే తెలుసు. చలిమంట దగ్గర వాడే చెప్పాడు. ఎవరో 'సరేలే, ఆ బిస్కెట్లు ఇటివ్వు' అన్నారు. అంతే."

"కమిటీ తీర్మానం నీకు తెలుసు. అలాంటి వాళ్ళు సభ్యులుగా ఉండొచ్చు, నాయకులుగా కుదరదు. వాడికి ఇవాళ్టితో పద్దెనిమిది నిండాయి. నిండితే నాయకుడి కిందే లెక్క."

"నిన్నటిదాకా మంచోడు. తెల్లారేసరికి పనికిరాడు."

"పనికిరాడని నేనన్నానా? రూలు."

"ఫిర్యాదు ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు."

"మరి?"

"రేపెవరైనా చేస్తే? పిల్లల్ని అలాంటివాడి చేతిలో పెట్టారేంటని నలుగురూ అడిగితే నేనేం చెప్పుకోవాలి?"

"నాలుగేళ్ళుగా చూస్తున్నారు. ఏం తప్పు కనబడింది మీకు?"

"నాకేం కనబడలేదు. వాడంటే నాకు ఇష్టమే."

"ఆ మాట అనకండి. తిట్టండి, చీదరించుకోండి, అర్థమవుతుంది. ఇష్టమంటూనే గొంతు కోస్తుంటే వాంతొస్తోంది నాకు. కమిటీలో దీని గురించి ఎంతసేపు మాట్లాడారు?"

"పావుగంట."

"పావుగంటంతా వాడి గురించేనా?"

"అంటే... పది నిమిషాలు కొత్త గుడారాల రంగు గురించి."

"బాగుంది. గేటు దగ్గర 'అందరూ మనవాళ్ళే' అని పోస్టర్ వేశారుగా, దాని మీద నవ్వుతున్నదెవరు?"

"అది కొత్తవాళ్ళని చేర్చుకోడానికి వేసింది."

"ఎవరు?"

"వాడే. అయితే ఏంటి? మార్చేస్తాం."

"మొహం కావాలి, మనిషి అక్కర్లేదు. ఛీ."

"ఛీ అనకు. ఆ తీర్మానానికి నువ్వూ చెయ్యెత్తావు."

"ఎత్తాను. సగమైనా దక్కిందిలే, మిగతాది తర్వాత చూద్దాం అనుకుని ఎత్తాను. ఈ చెయ్యే. ఆ రోజు వాడు నాకు థాంక్స్ చెప్పాడు తెలుసా? మీ మీద కంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యంగా ఉంది."

"అవన్నీ ఎందుకిప్పుడు. నువ్వు సంతకం పెట్టకపోతే నిన్నూ తీసెయ్యమంటారు. మీ అక్క ముందు నా పరువేం కావాలి?"

"అక్కకి ఈ కాగితం చూపించారా?"

"మధ్యలో అక్కెందుకు?"

"చూపించలేదన్నమాట."

"చూడమ్మాయ్. ఈ క్షణం నుంచి వాడు ఏ పిల్లకీ తాడు పట్టకూడదు. ఏదన్నా మాటొస్తే పడాల్సింది నేను."

"ఈ క్షణం నుంచే?"

"ఈ క్షణం నుంచే. ఇంక మాటల్లేవు."

"సరే, పెన్నివ్వండి. సంతకం పెట్టి ఒక్క కేకేస్తాను, తాడు వదిలేసి దిగి రమ్మని."

"అదీ. ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా."

"ఒకసారి పైకి చూడండి."

"ఎత్తు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి."

"చూడండి పర్లేదు. బండ అంచున కూర్చుని నడుముకి తాడు చుట్టుకున్నాడే, వాడు సాలీడు. ఆ తాడుకి వేలాడుతూ, సగం దూరంలో, ఎర్ర హెల్మెట్."

"ఎవరది?"

"మీ చిన్నది."

"అది... దాని వంతు రేపు కదా?"

"ఇవాళే అని గోల పెట్టింది. సాలీడన్న పట్టుకుంటేనే దిగుతానంది. కేకెయ్యనా?"

"ఆగు."

"రూలు కదా బావా."

"ఆగమంటున్నానా. వాణ్ణి కదిలించకు. వాడికేం చెప్పకు."

"మరి ఈ కాగితం?"

"ముందు దాన్ని దింపనీ. సంతకం తర్వాత పెడుదువుగాని."