తోలుపట్టీ అవతలి కొస

కాదయ్యా, నువ్వే చెప్పు, తప్పు నాదా? ఊరంతా నాదే అంటోంది! అసలు ఆ విల్లు ఎవరిది? నీది. దాని పిడికి చుట్టిన తోలు ఊడి వేలాడుతుంటే "రేపు చుడతా, ఎల్లుండి చుడతా" అన్నది ఎవరు? నువ్వే. అంటూ అంటూనే పోయావు. ఈ మట్టికింద హాయిగా పడుకున్నావు. ఆ మిగిలిన తోలు కాస్తా ఎలకలు తిన్నాయి.

ఉండు, ఈ జావ కాస్త పోయనీ. చల్లారిపోయింది, ఏమనుకోకు.

కంది చేను మీద కుక్కమూతి కోతులు పడ్డాయని చెప్పానా లేదా? మగదిక్కు లేని కొంప. ఆ దరిద్రపువి ఆడమనిషిని చూస్తే కదలవు కదా! రాయి విసిరితే, ఆ రాయి తీసి వాసన చూసి పక్కన పెట్టి మళ్ళీ తింటాయి. కంది పోతే ఏడాదంతా నేనేం తినాలి? అందుకే మన కూతురు ముయేని, మొగుణ్ణీ చంటిదాన్నీ వెంటబెట్టుకుని వచ్చింది. అటక మీంచి నీ విల్లు దించి అల్లుడి చేతికిచ్చింది.

అల్లుడు మసిలా మంచివాడే. ఎలా ఉంటాడంటావా? నాకేం తెలుసు? అత్త అల్లుడి మొహం చూడకూడదాయె, మాట కలపకూడదాయె. వీపు మాత్రం బాగా తెలుసు. నేను గడప దాటితే చాలు, ముళ్ళకంచెలోకి ఒక్క దూకు దూకుతాడు. "తిన్నాడా అని అడగవే" అంటే ముయేని వెళ్ళి అడిగొస్తుంది. "తిన్నాట్టమ్మా" అంటుంది. వాడు ఉండేది నాలుగడుగుల దూరంలో! నాకు వినపడుతూనే ఉంటుంది!

ఇంకో వింత చెప్పనా? మన ఆచారం కోతులకి కూడా తెలిసిపోయింది. నేను చేలోకి ఎప్పుడొస్తానా అని చెట్టెక్కి ఎదురుచూస్తాయి. నేను రావడం, అల్లుడు కంచెలోకి దూకడం, అవి చేలోకి దిగడం! ఇంక కాపలా ఏముంది, నా మొహం?

సరే, మొన్న వాడు గురిచూసి బాణం వేశాడు. బోసికర్ర, చెమట చెయ్యి, పిడి జారింది. బాణం కోతిని వదిలేసి పక్కింటి సియోకౌ కల్లు పోసి పెట్టుకున్న సొరబుర్రలో దిగింది. దాని నోరు నీకు తెలుసుగా! నిన్నూ నన్నూ నీ తాతనీ కలిపి కడిగేసింది.

దాంతో పిడికి తోలు చుట్టక తప్పలేదు. మేకతోలు గీకి, పొడుగ్గా పట్టీ కోసి, నీళ్ళలో నానబెట్టారు. తడి మీదే లాగి బిగించి చుట్టాలి, ఆరితే అదే కరుచుకుంటుంది. మధ్యలో పట్టు వదిలావో, మొత్తం వదులై కూర్చుంటుంది. ఇదంతా నీకు చెప్పేదేముంది, నువ్వే చెప్పేవాడివి, చేసేవాడివి కాదు గానీ. నేను వాకిట్లో ఉన్నానని వాడు గాదెకి అటు కూర్చుని చుడుతున్నాడు. ముయేని ఇటు వైపు నిలబడి కొస పట్టుకుని లాగుతోంది.

ఇంతలో నా ఒళ్ళో చంటిది కెవ్వుమంది. ముయేని "అమ్మా, ఒక్క నిమిషం" అని ఆ కొస నా చేతిలో కుక్కి, దాన్నెత్తుకుని లోపలికి పరిగెత్తింది. ఆ ఏడుపు గోలలో అటున్న వాడికేమీ తెలియలేదు. వదిలేస్తే పని చెడుతుంది. నేనేం చెయ్యను? పట్టుకున్నాను.

అటునుంచి వాడు, "ఏమే, లాగు! మీ అమ్మ పెట్టే ఇస్యో గుగ్గిళ్ళు అంత తింటావు, బలం ఏమైందే?" అన్నాడు. లాగాను. "అబ్బో!" అన్నాడు. "మీ అమ్మ నడిస్తే నేల అదురుతుందే. మంచిదేలే, దూకడానికి ముందే కబురందుతుంది" అన్నాడు. నాకు నవ్వాగలేదయ్యా! తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత గొంతు తగ్గించాడు. "నిజం చెప్పనా? నావల్ల కావట్లేదే. ఒళ్ళంతా ముళ్ళే. మీ అమ్మని చూస్తే జాలేస్తుంది, మనకి పెట్టి తను అడుగూ బొడుగూ తింటుంది, కంచెలోంచి చూస్తూనే ఉన్నా. కానీ ఈ పిడి ఆరగానే మనూరు పోదాం. సరేనంటే గట్టిగా లాగు. కాదంటే వదులు చెయ్యి."

చూశావా చిక్కు! లాగితే వాళ్ళు పోతారు. వదిలితే పిడి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే నోరు తెరిచాను. "పోవద్దు నాయనా, చేలోకి నేనే రాను" అన్నాను.

అంతే! "అయ్య బాబోయ్" అని విల్లు అక్కడే పడేసి కంచెలోకి దూకాడు. కొస నా చేతిలోనే ఉందిగా, లాగితే విల్లు గాదె చుట్టూ ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చింది. మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కొస పళ్ళతో పట్టి, మిగతాది నేనే చుట్టాను. ఆడది విల్లు ముట్టుకుందని అదో గోల ఇప్పుడు. ముట్టుకోక! ఎంత బాగా వచ్చిందో, పిడి రాయిలా బిగిసింది.

ఊరి పెద్దలు కూర్చున్నారు. "పెళ్ళామనుకుని నేనే నోరు జారాను, తప్పు నాదే" అని మసిలా తనే ఒప్పేసుకున్నాడు. అత్తతో మాట కలిపిన తప్పుకి రేపు మేకని కోయాలి. వాడికున్నది ఒక్కటే, చంటిదానికి పాలిచ్చే మేక. అది ఇచ్చేసి, తలెత్తుకోలేక ఎల్లుండి వెళ్ళిపోతారట. ముయేని చెప్పి ఏడ్చింది.

నేనెందుకు నోరు మూసుకోవాలి చెప్పు? రేపు పెద్దల ముందు నేనే చెప్పేస్తాను. మొగుడూ పెళ్ళాం తోలు చుట్టుకుంటూ కిలకిల నవ్వుకుంటుంటే, ఇటు ఒక్కదాన్నే కూర్చుని వింటున్నానయ్యా. ఆ కొస నాకూ పట్టుకోవాలనిపించింది. తొడ గిల్లి జోల పాడే రకం అంటారే, ఆ రకం నేనే. చంటిదాన్ని గిల్లింది నేను. నా మేకనే కోయమంటాను. నవ్వితే నవ్వనీ, వాడి తల మాత్రం దించనివ్వను.

ఏమయ్యా, ఏమీ అనవే? అవున్లే, బతికున్నప్పుడు మాత్రం ఏమన్నావు గనక. ఇన్నేళ్ళలో మగమనిషి అంతసేపు నాతో మాట్లాడింది అదొక్కసారే. అదీ, నేనని తెలియక.