తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి

అయ్యలారా, అమ్మలారా, ఆపా తమ్ముడు అజీముద్దీన్ గారూ, ముందు వరుసలో పలకలు పట్టుకొని కూర్చున్న పిల్లలారా. ఈ గదిలో ఇంతమంది ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోబెట్టాలని పద్దెనిమిదేళ్లు ఇల్లిల్లూ తిరిగిన మనిషి ఇవాళ లేరు. మనమంతా అక్కలా ఆపా అని పిలిచిన హఫీజా ఆపా పోయి తొమ్మిది రోజులైంది.

నా పేరు అనసూయమ్మ. ఈ తల్లీబిడ్డల చదువుల సంఘంలో ఆపా పక్కన మొదటి నుంచీ పని చేశాను. నాకు మైకు అలవాటు లేదు. నా గొంతు మీ దాకా రాకపోతే చెయ్యి ఎత్తండి, మళ్లీ చెబుతాను.

ఆపా గొప్పవారని ఇంతకుముందు మాట్లాడిన పెద్దలందరూ చెప్పారు. నిజమే. కానీ ఆపాను ఈ ఎల్లారెడ్డిలో మొదట ఎవరు నమ్మారు? ఇక్కడున్న వాళ్లలో ఒక్కరైనా నమ్మారా? నేను నమ్మలేదు.

డెబ్భై ఆరులో ఆపా కామారెడ్డి నుంచి పొద్దుటి బస్సుకు వచ్చేవారు. పొద్దున పిల్లలకు ఆటపాటలు, మధ్యాహ్నం తల్లులకు అక్షరాలు. ఇంటికి ఒకటే పలక. ఒకవైపు బిడ్డది, ఒకవైపు తల్లిది. అంతవరకు బాగానే ఉంది. కానీ చేరిన రోజు ప్రతి తల్లినీ ఒంటరిగా కూర్చోబెట్టి, నీకు చదువు ఎందుకు అని అడిగేవారు. ఆమె చెప్పింది ఒక కాగితం మీద రాసి, కింద వేలిముద్ర తీసుకొని, మడిచి, ఇదిగో ఈ ఇనుప పెట్టెలో వేసి తాళం పెట్టేవారు. ఏం రాశారో చదివి వినిపించేవారు కాదు. అడిగితే ఒకటే మాట: "నువ్వే చదువుకున్ననాడు నీ కాగితం నీకిస్త. అప్పటిదాక నన్ను నమ్మకు బిడ్డా."

నమ్మకు అని చెప్పే మనిషిని ఎక్కడైనా చూశామా? అవి ఎమర్జెన్సీ రోజులు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జీపు వస్తుందంటేనే ఆడా మగా చేన్లలోకి పరుగెత్తే రోజులు. ఆ రోజుల్లో వేలిముద్రలు తీసుకొని తాళం వేస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది?

నాకూ అదే అనిపించింది. శనివారం ఉపవాసం ఉండి, రాముడికి దీపం పెట్టి వచ్చిన దాన్ని, ఆపా నమాజుకు పక్క గదిలోకి వెళ్లిన సమయం చూసి, మేకుకున్న తాళంచెవి తీసి పెట్టె తెరిచాను. అన్నిటికంటే పైనున్న కాగితం మడత విప్పాను. అంతా ఉర్దూ. నాకు ఒక్క అక్షరం రాదు. కింద వేలిముద్ర మాత్రం తెలిసింది. ఆపా వచ్చేస్తారని రెండో కాగితం చూడకుండానే మూసేశాను.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర ఎంకయ్యన్న హోటల్లో ఆ ముక్క చెప్పాను. ఎంకయ్యన్న ఇక్కడే ఉన్నారు, తల దించుకోవద్దు అన్నా, చెప్పింది నేను. ఆయన అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "ఉర్దూలనా? నిజాం జమానల భూమి కాగితాలన్నీ గట్లనే ఉంటుండె. మన భూములు గిట్లనే పోయినయి." తెల్లారేసరికి ఊరంతా పాకింది. మూడు నెలలు ఒక్క తల్లి రాలేదు. పిల్లల్ని కూడా పంపలేదు. ఆపా మాత్రం రోజూ బస్సు దిగి, గది ఊడ్చి, ఖాళీ చాప ముందు సాయంత్రం దాకా కూర్చొని పోయేవారు. నేను పక్కనే కూర్చునేదాన్ని. 

ఎవరు చెప్పారని ఆపా ఒక్కసారి కూడా అడగలేదు. ఒకరోజు తాళంచెవి మేకు మీది నుంచి తీసి, చేరి మానేసి, అందరికంటే ఎక్కువ తిట్టిన నాగవ్వ ఇంటికి పోయి ఆమె చేతిలో పెట్టారు. "అవ్వా, నీకు సదువు రాదు. అందుకే ఇది నీ దగ్గర ఉండాలె. పెట్టె నేను తెరవలేను, నువ్వు తెరిచినా చదవలేవు."

ఆ రోజు నుంచి ఇదే మన పద్ధతి. తాళంచెవి ఎప్పుడూ చదవడం రాని మనిషి దగ్గరే. ఆమెకు చదవడం వస్తే, ఇంకా రాని ఇంకొకరికి ఇవ్వాలి. నాగవ్వ తాళంచెవి కాపలా కాయడానికే వచ్చి, కూర్చొని కూర్చొని ఏడాదికి చదవడం నేర్చుకుంది. తన కాగితం తానే విప్పి, అందరి ముందూ గట్టిగా చదివింది. "బొంబాయి నుంచి నా పెనిమిటి రాసే కార్డు మా మరిది చదువుతడు. ఉన్నదంత చదువుతడో లేదో చూసుకోవాలె." చదివాక కాగితం వెనకా ముందూ తిప్పి, "గింతేనా, ఇంకేమన్న రాసినవా ఆపా?" అన్నది. ఆ రోజు ఆపా నవ్వినంతగా మళ్లీ నవ్వగా నేను చూడలేదు.

నాకు మాత్రం ఆపా ఏం చేశారు? తల్లులు తిరిగి వచ్చిన వారంలోనే నా ఒడిలో ఉర్దూ ఒకటో వాచకం పెట్టారు. "ఇది కూడ నేర్చుకో అనసూయా. భయం తగ్గుతది." అంతే అన్నారు. ఆమెకు తెలుసు. తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. పద్దెనిమిదేళ్లు ఒకే చాప మీద కూర్చున్నాం. నేను ఒప్పుకోలేదు, ఆమె ఒప్పించలేదు. ఇవాళ మీ అందరి ముందు ఒప్పుకుంటున్నాను. వినవలసిన మనిషి వినడం లేదు.

నేను విప్పిన ఆ ఉర్దూ కాగితం, ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన ఖాజాబీది. తాను చదువుకున్నాక ఆమే దాన్ని నాతోనూ చదివించింది. "నా గిన్నెల మీద ఎవరి పేరు చెక్కి ఉన్నదో చూసుకోవాలె. మా తోడికోడలి మీద నాకు నమ్మకం లేదు." దీని కోసం నేను మూడు నెలలు ఈ గదిని ఎండబెట్టాను.

ఇక అసలు మాట. అధ్యక్షులు పురుషోత్తం గారు ఈ సభ చివర పెట్టె తెరిచి, మిగిలిన కాగితాలు ఆపా జ్ఞాపకంగా మైకులో చదివిస్తామన్నారు. ఆయన మనసు మంచిదే. కానీ సోమవారం గది తెరిచేసరికి పెట్టె తాళం పక్కన రేకు వంగి ఉంది. ఎవరు వంచారో నాకు తెలియదు. ఇందాక మీరు ఆపా పటానికి దండ వేస్తుంటే రేకు గీసుకున్న గాటు ఉందేమోనని ఒక్కొక్కరి చేతులూ చూశాను. దేవుడు క్షమించాలి, చూశాను. వంచిన వాళ్లు దొంగలు అనను. పద్దెనిమిదేళ్ల కింద నేను ఎందుకు తెరిచానో వాళ్లూ అందుకే వంచి ఉంటారు.

చదవడం ఇంకా రాని తల్లులు పదకొండు మంది ఉన్నారు. ఈ సభలోనే కూర్చున్నారు. మొగుడి మీదో, అత్త మీదో, మన మీదో వాళ్లకున్న అనుమానం ఆపా చెవిలో చెప్పుకున్నారు. అది మైకులో చదివితే రేపు వాళ్లు ఏ ముఖంతో ఇంటికి పోతారు? ఈ గదికి మళ్లీ ఎవరు వస్తారు? పురుషోత్తం గారూ, మీకు చేతులు జోడించి చెబుతున్నాను. ఆ పెట్టె ఇవాళ తెరవవద్దు. లోపల ఏముందోనని అనుమానం ఉన్నవాళ్లు రేపు మధ్యాహ్నం మీ ఇంటి ఆడవాళ్లను పంపండి. పలకలున్నాయి.

తాళంచెవి ఇప్పుడు పోచారం నుంచి వచ్చే భూదేవి కొంగుకు ఉంది. చేరి మూడు నెలలే అయింది, అక్షరాలు ఇంకా కలపలేదు. భూదేవీ, పెద్దలు అడిగినా ఇవ్వకు. నేను అడిగినా ఇవ్వకు. నాకు రెండు భాషలు వచ్చు, అందరికంటే ముందు నన్నే నమ్మకు.

అందరం లేచి నిలబడదాం. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకుంటూ రెండు నిమిషాలు ఆపా కోసం మౌనంగా ఉందాం. భూదేవీ, నువ్వు పెట్టె పక్కనే నిలబడు తల్లీ.