ఒస్ముందో మామ ఆవలిస్తే

"మెషిన్ చచ్చిపోలేదమ్మా రుఫీనా, మూగబోయిందంతే! చచ్చినదానికీ మూగదానికీ తేడా తెలిసినవాడు ఈ కొండలన్నిట్లో ఒక్కడే, వాడిప్పుడు నీ కొట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు" అన్నాడు ఒస్ముందో మామ.

పైన రేకుల మీద వాన. ఎదురుగా రోడ్డు మీదికి జారిపడ్డ కొండచరియ, దాని అంచున తొండం పైకెత్తి బిగుసుకుపోయిన నా తవ్వే మెషిన్. పొద్దున మట్టి తీస్తుంటే తెర మీద ఎర్ర అక్షరాలు బిలబిలా వచ్చాయి, ఇంజిన్ ఆగిపోయింది, నేను దూకి పరిగెత్తుకొచ్చాను. కబురు పంపితే, బండ్ల వైరింగ్ బాగుచేసే మామ పైనున్న బుగియాస్ ఊరి నుంచి మోటార్‌సైకిల్ మీద దిగాడు. దిగాడు గానీ, వాన తగ్గనీ అని బల్ల ఎక్కి కూర్చున్నాడు.

కొట్టు వెనక గదిలో, దారి మూసుకుపోయి ఇక్కడే ఆగిపోయిన జోవెలిన్‌కి పురిటి నొప్పులొస్తున్నాయి. ఆమె మొగుడి పేరు వర్లీతో; క్యాబేజీ లారీ డ్రైవరైన అతను గుమ్మానికీ గదికీ మధ్య తిరుగుతున్నాడు. ఆసుపత్రి కింద బగియో పట్నంలో. అంబులెన్సు వచ్చి చరియకి అవతలే ఆగింది. మధ్యలో నడుం లోతు బురద.

"చూడండి, మెషిన్ లోపల ఇంజిన్‌కో డబ్బా, పంపుకో డబ్బా, తెరకో డబ్బా ఉంటాయి. జడలా పేనిన రెండు వైర్ల మీద అవన్నీ పొద్దస్తమానం కబుర్లాడుకుంటాయి. కబురు తెగిందా, ఎవరి మాట ఎవరికీ వినపడక బండి కొయ్యబారిపోతుంది. ఒకసారి మిందనావ్ దీవిలో బుల్డోజర్ ఇలాగే ఆగితే, డబ్బాలన్నీ మార్చాలన్నారు. నేను ఒక ప్లగ్గు పీకి ఉఫ్‌మని ఊదాను, దోసెడు నీళ్ళు పడ్డాయి, బండి లేచింది."

"అది మేమూ చేస్తాం మామా" అన్నాను.

"ఆగరా డల్మాసియో! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీటరు పోయింది. అయితే ఏం, నాలుకుంది కదా! ఒక వైరు తియ్యగా, ఒకటి పుల్లగా తగిలింది, ఆ రుచిని బట్టి ఎన్ని అడుగుల దూరంలో తెగిందో చెప్పేశాను. అప్పట్నుంచి నాకు వాటి మాటలు కూడా తెలిసిపోయాయి. ఇంజిన్ డబ్బా పంపు డబ్బాని తిడుతోంది, 'నీకెంత పోసినా చాలదే' అని. నేనే మధ్యన కూర్చుని రాజీ చేశాను."

గదిలోంచి ఒక మూలుగు వచ్చింది. వర్లీతో ఆగిపోయాడు. రుఫీనా అక్క వేణ్ణీళ్ళ గిన్నె పట్టుకుని లోపలికి పరిగెత్తింది. మామ గొంతు ఇంకా పెద్దది చేశాడు.

"అది కాదు విశేషం! సొరంగం పనిలో మొత్తం వైరింగే కాలిపోయింది. ఏం చెయ్యను? తెగిన కొసలు ఈ చేత్తో ఒకటి, ఆ చేత్తో ఒకటి పట్టుకుని నిలబడ్డాను. కబుర్లన్నీ నా ఒంట్లోంచే పోయాయి, సొరంగం ఆ చివర తేలేదాకా! మరి ఒంట్లో చేరిన కబుర్లు ఊరికే పోతాయా? ఇంటికెళ్ళాక నేను ఆవలిస్తే పక్కూళ్ళో తవ్వే మెషిన్ బకెట్ నోరు తెరిచేది. తుమ్మితే క్రేన్లు ఎగిరిపడేవి. మా ఆవిడ తిడుతుంటే నేను కిక్కురుమనలేదు, వీధిలో ఉన్న రోలరు హారన్ కొట్టి బదులు చెప్పింది!"

ఎవరూ నవ్వలేదు. చరియ మీంచి గులకరాళ్ళు దొర్లుతున్న చప్పుడు.

"వాన ఆగింది" అన్నాడు వర్లీతో.

అందరం చెవులు రిక్కించాం. రేకు మీద పడుతున్నది పైనున్న చెట్టు కారుస్తున్న నీళ్ళు. ఆగి ఎంతసేపైందో.

మామ ఖాళీ కప్పు మళ్ళీ నోటికెత్తాడు. "రాళ్ళు పడుతున్నాయి కదా నాయనా. కొండ కాస్త కుదురుకోనీ..."

"జోవెలిన్‌కి అంతసేపు ఆగడం కుదరదు బాబాయ్, నేను దాన్ని ఎత్తుకుని బురదలో దిగుతాను."

"మునిగిపోతారు ఇద్దరూ" అంది రుఫీనా అక్క లోపల్నుంచి.

మామ వర్లీతో మొహంలోకి చూశాడు. తర్వాత సంచి భుజాన వేసుకుని లేచాడు. "డల్మా, నువ్వు కొండని చూస్తుండు. కదిలితే కేకెయ్యి."

మెషిన్ దగ్గరికి చేరేసరికి మోకాళ్ళ దాకా దిగబడ్డాం. బ్యాటరీ ఆపి, సీటు వెనక మూత తీసి, రెండు వైర్ల మధ్య మీటరు పెట్టాడు. అరవై ఓములు చూపాలి. నూటఇరవై చూపింది. వైర్ల రెండు చివర్లలో రెండు నిరోధకాలుంటాయి, రెండూ కలిసుంటే అరవై, ఒక్కటే మిగిలితే నూటఇరవై; అంటే ఒక చివర తెగింది. సీటు దగ్గర్నుంచి వైర్ల కట్టని వేళ్ళతో తడుముకుంటూ వెనక్కి పాకాడు. పనసకాయంత రాయి దొర్లుకుంటూ వచ్చి మెషిన్ ఇనప పట్టా మీద ఠంగున పడింది. "మామా!" అని అరిచాను. మామ కదల్లేదు. కట్టని పట్టి ఉంచాల్సిన బిగింపు ఊడి, ఇనప అంచుకి రాసుకుని రాసుకుని పై తొడుగు పోయింది. రెండు వైర్లలో ఒకటి తెగి వేలాడుతోంది. గీకి, కలిపి, టేపు చుట్టి, బ్యాటరీ మళ్ళీ వేసి, నాకేసి తల ఊపాడు.

తాళం తిప్పాను. ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే పోయాయి. ఇంజిన్ పలికింది. నాకు ఏడుపొచ్చింది.

మిగతాది నా పని. రెండు బకెట్లు తీస్తే ఒక బకెట్టు మట్టి మళ్ళీ జారేది, అయినా మనిషి నడిచేంత దారి తీశాను. వర్లీతో జోవెలిన్‌ని చేతుల మీద ఎత్తుకుని, పైకి చూడకుండా దాటాడు. అంబులెన్సు మలుపు తిరిగే దాకా మామ రోడ్డు మధ్యలో నిలబడే ఉన్నాడు.

సాయంత్రానికి ఫోనొచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. రుఫీనా అక్క కొట్లో లారీవాళ్ళంతా మూగారు, మామ మధ్య బల్ల ఎక్కాడు.

"కారంత రాయి! భుజంతో ఆపాను! ఇంకో చేత్తో వైరు కలుపుతూ, ఈ డల్మాగాడు భయపడతాడేమోనని హాయిగా పాట అందుకున్నాను. మూడో చరణంలో ఉండగా..."

"పాటా?" అన్నాను. "ఒక్క మాట పెగిలిందా మామా నీకు? పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, మీటరు కూడా నేనే చదివి చెప్పాను."

కొట్టంతా ఘొల్లుమంది. మామ చుట్టూ చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"పళ్ళు కొట్టుకోవడం కాదురా అది. మెషిన్‌తో దాని భాషలో మాట్లాడుతున్నాను."

"అలాగా" అంది రుఫీనా అక్క ఖాళీ కప్పు తీసేస్తూ. "అయితే ఇంకో కాఫీ కావాలంటే ఆ భాషలోనే అడుగు."