బల్ల మీద దరువు

ఎన్నిసార్లు చెప్పమంటారు సార్? నేను డోలు వాయించేవాణ్ణి. మాటలు మా బావవి. నాకేం తెలుసండీ!

నిజమే, నిన్న చౌరస్తాలో ఆయన పక్కనే ఉన్నాను. ఆయనది పద్యమూ కాదు, పాటా కాదు. నా దరువు మీద మాట్లాడతాడు, అంతే. జనం ఈలలేశారు, మీవాళ్లొచ్చి ఆయన్ని పట్టుకెళ్లారు. తీరా చూస్తే జనం తీసిన ఏ ఫోన్ వీడియోలో చూసినా నా డోలు మోతే గానీ ఆయన మాట ఒక్కటీ వినబడట్లేదట కదా? సాక్ష్యానికీ ఎవరూ నోరు విప్పలేదు. మాటే దొరకనప్పుడు కేసేముంది సార్? సాయంత్రానికి తన మొగుణ్ణి వదిలేస్తామని మా అక్కతో మీరే అన్నారు.

కాగితమా? ఆయన కాగితం మీద పెట్టే మనిషి కాదండీ. నేను వాయిస్తుంటే గదిలో అటూ ఇటూ తిరుగుతూ అల్లుతాడు. నేను ఆయన అడుగు చూసి కొడతాను. మాటలు చెవిన కూడా వేసుకోను. ఒట్టు!

వాయించి చూపించాలా? దేనికి సార్... సరే, ఈ బల్ల మీదే. ఇదిగో, ఇలా.

ఏంటీ, తాళం తప్పిందా? నాకా! మీసాలు రాకముందు నుంచీ వాయిస్తున్నానండీ. ఆ కానిస్టేబులు నవ్వుతాడేంటి? దారిన పోయేవాణ్ణి పట్టుకొచ్చినట్టు చూస్తారేం? ఆ ఫైళ్లు పక్కకి జరపండి. ఇప్పుడు వినండి, తప్పితే మళ్లీ డోలు ముట్టుకోను.

*ఎవడి వీపు మీద వేశావు నీ కుర్చీ?*
*ఎవడి నోరు మూసి చేశావు నీ ప్రసంగం?*
*దిగవయ్యా మంత్రీ, దిగు, మా వీపు...*

అయ్యో.

అయ్యయ్యో సార్, అది నేనన్నది కాదు! లోపల ఆ మాటలు అనుకోకపోతే నాకు చెయ్యి ఆడదు. ఎప్పుడూ లోపలే అనుకుంటాను, ఏనాడూ పైకి రాలేదు. రాసుకోకండి. దండం పెడతాను, కొట్టెయ్యండి. పోనీ, అది నాదని రాయండి, నేనే అల్లాను! నవ్వకండి సార్. నాకు అల్లడం రాదని మీకెవరు చెప్పారు?

"నీకేం తెలీదని చెప్పు తమ్ముడూ, అది చాలు" అని అక్క నా కాలరు సర్ది మరీ లోపలికి పంపింది. బయట బెంచీ మీదే ఉంది. ఇందాకటి దాకా ఆ సగం తలుపు కింద నుంచి ఆమె కాళ్లు కనబడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు లేవు. వినేసినట్టుంది.

మీరు నన్ను వదిలేసినా ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లను? రాయండి, రాసుకోండి. ఒక్కటి మాత్రం చెప్పండి సార్.

తాళమైతే తప్పలేదు కదా?