ఎర్రగుడ్డ కట్టిన కర్ర

నాగావళి ఇసుకలో మంచినీటికోసం తవ్వుకున్న చెలమ. ఎవరో పాతిన కర్ర పక్కనుంటే దానికి తలగుడ్డ తగిలించి, లోపలికి దిగి కొబ్బరిచిప్పతో నీళ్లు తోడుతోంది గురమ్మ. గట్టు మీద కొడుకు యుగంధర్, వాడి ఖాళీ ట్రాక్టరు.

"లెగవే అమ్మా, బేగి లెగు. కూలోలు పారలట్టుకుని నిలబడిపోనారు."

"నిలబడనీ. బిందె నిండనేదు."

"ఎప్పటికి నిండుతాది?"

"పొద్దున్నొచ్చినాను, సగమయినాది. ఊరాలి గదరా, నానేటి సేతును?"

"సరే, నిండినాక లెగుస్తావా?"

"లెగను."

"అమ్మా!"

"నీ కూతురు సుహాసినికి బోరునీలు పడవు. తాగింది తాగినట్టే కక్కేస్తంది. ఈ సెలమ నీలొకటే దాని కడుపులో ఆగతన్నాయి. దీన్నీ తవ్వుకుపోతే ఆ గుంటదానికేటి తాగిస్తావు?"

"రాజాం నుంచి నీల టిన్ను తెస్తాను."

"మొన్నా తెస్తానన్నావు."

"తెస్తానే! పక్కన ఇంకో సెలమ తీసుకో."

"పక్కనేదిరా ఇసక? మీ నాన్నున్నప్పుడు ఇంటికో సెలమ. కూర్మమ్మది అక్కడ, జగన్నాధం మావది ఇక్కడ. ఎండాకాలంలో మూరెడు తవ్వితే నీలు. ఇసకుంటేనే గదా ఏరు నీలు దాసుకునేది! ట్రాక్టర్లెట్టి తోలీసినారు. ఇప్పుడెక్కడ తవ్వినా బంకమట్టే."

"నానొక్కన్నే తోలినానా?"

"నువ్వు తోల్లేదా?"

"అందరూ..."

"నువ్వు తోల్లేదా? సెప్పు."

"తోలినాను. మరి తిండెక్కడిది?"

"రెండు వానాకాలాలు ముట్టకుండా ఒగ్గీండ్రా. వరదకి ఇసక మల్లీ వస్తాది."

"రాదే. పైన ఆనకట్ట కాడే ఆగిపోతంది."

"అయితే ఈ కాస్తా ఒగ్గీ. ట్యాంకు కట్టీదాకానేరా. మనూరికి మంచినీల ట్యాంకొస్తంది గదా! కాయితం మీద అందరికంటే ముందు ఏలిముద్రేసింది నానే. ఇంట్లో కుళాయి తిప్పిన్నాడు ఈ సెలమ నువ్వే పూడ్సీ. నానడిగితే నన్ను సెప్పుచ్చుకు కొట్టు."

"అమ్మా... ఈ ఇసక ఎక్కడికనుకున్నావు?"

"ఎక్కడికి?"

"నీ ట్యాంకుకే. రేపే పునాది."

"మనూరి ట్యాంకుకా?"

"మనూరి ట్యాంకుకే."

"ఓలమ్మా! ఆ మాట ముందు సెప్పవేటిరా, సచ్చినోడా!"

"సెప్పనిస్తే గదా."

"బిందె అందుకో. ఒలకబోయకు, అది సుహాసినికి. ఆ కర్రకి నా తలగుడ్డుంది, అదీ తియ్యి. ఏదీ, సెయ్యియ్యి, లెగుస్తాను. పొద్దున్నుంచీ కూకుంటే నడుం పట్టీసినాది. ఒరే..."

"ఏటి?"

"ఆ ట్యాంకులోకి నీలెక్కడియిరా?"

"పద, పద. ఎండెక్కిపోతంది."

"ఎక్కడియిరా?"

"ఈ కర్రకి ఎర్రగుడ్డ కట్టుంది సూసినావా? ఇంజినీరు పాతినాడు. ఈడే బావి తీసి, ఈ ఊటే పైకి తోడతారంట."