ఒసోరియోని దింపిన మేనేజరు

ఎండకు కాగిన బేస్‌బాల్ మైదానం పక్కన, బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు ఆ చిన్న లీగు జట్టు మేనేజరు. ఆయన మేజర్ లీగులో మేనేజరుగా పనికొస్తాడో లేదో చూసి రమ్మని, ఈ చిన్న జట్టును నడిపే పై జట్టు ఆఫీసు పంపిన యువకుడు పక్కనే ఉన్నాడు.

"మీ జట్టుకి ఓటములే ఎక్కువ కదండీ."

"ఓడించింది మీరే కదా నాయనా! నిన్న మా పిచర్ ఒసోరియో బంతి విసురుతుంటే అవతలివాళ్ళలో ఒక్కడూ పరుగు తీయలేకపోయాడు. డెబ్బై బంతులు కాగానే ఆటలోంచి దింపెయ్యాలని మీ ఆఫీసు హుకుం. దింపాను. ఓడాం."

"కుర్రాడి భుజం కాపాడుకోవాలి కదండీ. రేపు మాకు ఆడాల్సినవాడు."

"నేను కాదన్నానా? మరి ఆ ఓటమి నా నెత్తిన రుద్దుతావేం?"

"కిందటేడు మన ఇంకో చిన్న జట్టు మేనేజరు మాట వినలేదు. పిచర్‌ని దింపకుండా గెలిచాడు."

"తెల్లారేసరికి ఉద్యోగం ఊడగొట్టారుగా!"

"ఊడగొట్టాం. కానీ మా పెద్దాయన ఇప్పటికీ అతని మాటే ఎత్తుతాడు, గుండె ఉన్నవాడని."

"బాగుందయ్యా! వింటే చేతకానివాణ్ణి, వినకపోతే వీధిన పడ్డవాణ్ణి. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"పైన మాకు సొంతంగా తేల్చుకునేవాడు కావాలండీ."

మేనేజరు పొట్టు తుపుక్కున ఉమ్మి, టోపీ సర్దుకుని లేచాడు. ఆట వేళయింది.

"సరే. ఇవాళ్టి పిచర్‌ని ఎన్ని బంతులకి దింపెయ్యమంటారు?"

యువకుడు ఆయన ముఖం చూడలేక మైదానం వైపు చూశాడు.

"డెబ్బై. చూశారా, మళ్ళీ నన్నే అడిగారు."