ఒక్క కొమ్మేగా

ఓడరేవులో మొక్కల తనిఖీ గది. బల్లకు ఒకపక్క ప్రయాణం బడలికతో ఒకావిడ, ఇంకోపక్క అధికారి. ఆమె తెచ్చిన నిమ్మకొమ్మను భూతద్దం కింద తిప్పుతూ, ఆకు వెనక దూదిపింజలాంటి తెల్లచుక్క దగ్గర ఆగాడతను.

“పిండినల్లి ఉందమ్మా. దీన్ని లోపలికి వదలను.”

“సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగాను సార్.”

“గుడ్లు సబ్బుకి చావవు.”

“మా అమ్మ నాటిన చెట్టుది. ఆవిడ పోయి నెలైంది. ఇల్లు కొన్నవాళ్లు చెట్టు కొట్టేశారు. మిగిలింది ఈ కొమ్మొక్కటే.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి సార్? ఒక్క కొమ్మతో కొంపలు మునుగుతాయా?”

“మునిగాయి. మా నాన్నకి నాలుగొందల నిమ్మచెట్లుండేవి. పరాయి దేశం నుంచి వస్తూ, బట్టల మధ్య దాచి ఓ అంటు తెచ్చాను. ఒక్కటేగా అనుకున్నా. మూడేళ్లకి మా తోటంతా పోయింది. చుట్టుపక్కల తోటలూ పోయాయి.”

వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ మాటలకు గొంతు వణకడం మానేసి చాలా ఏళ్లయింది.

“మీ నాన్నగారు ఏమీ అనలేదా?”

“లేదు. గొడ్డలి తెచ్చి నా చేతికిచ్చాడు.”

గోడ మీద ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

“దీన్నేం చేస్తారు?”

“కాల్చేస్తాం.”

ఆమె చేతిసంచి జిప్పు లాగి, తడిగుడ్డలో చుట్టిన ఇంకో కొమ్మ తీసి మొదటిదాని పక్కన పెట్టింది. అతను అలవాటుగా భూతద్దం అందుకున్నాడు.

“చూడక్కర్లేదు సార్. అదే చెట్టుది.”